నాది, వదిలెయ్!

ఇనుప షెడ్డు, క్యాంటీను బల్ల
మార్చి 3

ఒరేయ్ బావమరిదీ,

ఈ ఉత్తరం చదివి దాచెయ్యి. జవాబు ఇంటికి రాయకు, షెడ్డు చిరునామాకు రాయి. ఫోను మాట అసలు ఎత్తకు. మీ అక్కవి పాము చెవులు. నేను మళ్ళీ ఫుట్‌బాల్ ఆడుతున్నానని తెలిస్తే నా కొంప మునుగుతుంది. మూడేళ్ళ కిందట మోకాలు వాచినప్పుడు ఇక బంతి ముట్టుకోనని చేతిలో చెయ్యి వేయించుకుంది కదా.

ఏం చెయ్యను? సెక్షన్ల మధ్య పోటీలు పెట్టారు. మా క్రేను సెక్షనుకు గోలు కాసే గోలీ దొరకలేదు. "నలభై అడుగుల ఎత్తున కూచుని అంతేసి కడ్డీల కట్టల్ని ఇంత జాగాలో దింపుతావు. ఒక తోలు బంతిని ఆపలేవేంటి?" అన్నాడు ఈలన్న. వాడెవరో నీకు తెలుసు. పన్నెండేళ్ళుగా నా క్రేను కింద నిలబడి, ఈల ఊది, చేతులతో సైగ చేసేవాడు. పై నుంచి నేను వాడి చేతులు చూసి బరువు దింపుతాను. మా జట్టులో నా ముందు నిలబడి బంతిని అడ్డుకునే డిఫెండరూ వాడే. వాడు అడిగితే కాదనలేకపోయాను.

మొదటి ఆట గెలిచాం. నా పరువు మాత్రం పోయింది. ఒక బంతి నా వైపు వచ్చింది. రావడమంటే ఏమంత రావడం కాదు, మెట్లెక్కే ముసలాయనలా ఆగి ఆగి వచ్చింది. నేను మన చిన్నప్పటి కేక పెట్టాను, "నాది, వదిలెయ్!" అని. దాని మీద దూకి, పొట్ట కింద అదిమిపెట్టి, కళ్ళు మూసుకుని పడుకున్నాను. చప్పట్ల కోసం చూస్తుంటే నవ్వులు వినిపించాయి. బంతి ఇంకా రెండు గజాల అవతలే ఉంది. అది తాపీగా దొర్లుకుంటూ వచ్చి నా నెత్తికి తగిలి ఆగింది. గోలు ఆపినట్టే కదా అని వాదించాను.

మర్నాడు పక్క సెక్షన్ల ఆట చూడటానికి గట్టు మీద కూచున్నాం. బంతి వలను తాకగానే నేను "గోల్!" అని లేచి గంతులేశాను. తాకింది వల బయటి వైపట. అప్పటికే ఉత్సాహం ఆగక ఈలన్న అరచేతిలో అరచెయ్యి కొట్టబోయాను. అది వెళ్ళి మా సూపర్‌వైజరు చెంప మీద పడింది. ఆయన్ని శాంతింపజేద్దామని ఫ్లాస్కులోంచి టీ పోశాను. గ్లాసు పక్కన పోశాను. అంటే ఆయన ఒళ్ళో.

కడుపుబ్బ నవ్వుకో. నీకు నవ్వడానికి ఇంకేం ఉంది ఆ బళ్ళో.

నీ బావ

*

బడి, డ్రాయింగు గది
మార్చి 16

బావా,

నవ్వాను. నవ్వు వినబడి పక్క తరగతిలోంచి లెక్కల టీచరు వచ్చి, "మాస్టారూ, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. నీ సూపర్‌వైజరుకు నా సానుభూతి తెలియజెయ్యి.

కానీ ఒక మాట నమ్మలేకుండా ఉన్నాను. మా వీధి చివర రెండు ఇటుకల మధ్య నిలబడి, నా బంతుల్లో ఒక్కటి కూడా లోపలికి పోనివ్వని గోలీ నువ్వేనా? నువ్వు "నాది" అంటే మేమంతా కాలు వెనక్కి తీసుకునేవాళ్ళం. అది మన చట్టం. ఆ కేక పెట్టాక నువ్వు బంతి వదిలిన రోజు నాకు గుర్తులేదు. ఆ పొగరు చూసే మా అక్క నిన్ను చేసుకుందని నా అనుమానం.

వయసు మీద పడింది, ఒప్పుకో. నలభై మూడేళ్ళ వాడివి, కుర్రాళ్ళ మధ్య దూకుడెందుకు?

నా బతుకూ ఏమంత మెరుగ్గా లేదు. మా హెడ్మిస్ట్రెస్ ఉపాధ్యాయులకూ పై తరగతి వాళ్ళకూ ఆట పెట్టింది. డ్రాయింగు మాస్టరుకు పని తక్కువని అందరి నమ్మకం కదా, మొదటి పేరు నాదే రాసింది.

అక్క మొన్న ఫోను చేసి, "మీ బావ ఈమధ్య మాట్లాడితే పలకట్లేదురా, ఎటో చూస్తూ పోతున్నాడు" అంది. పనిలో అలసట అని సర్దిచెప్పాను. నీ ఆట సంగతి చెప్పలేదు. ఈ పుణ్యం నీ ఖాతాలో రాసుకో.

నీ బావమరిది

*

ఇనుప షెడ్డు, క్యాంటీను
ఏప్రిల్ 2

ఒరేయ్ మాస్టారూ,

వయసంటావా? ముందు నీ బట్టతల అద్దంలో చూసుకుని ఆ మాట అను.

రెండో ఆటా గెలిచాం. ఈసారి అబద్ధం చెప్పను, ఈలన్న గెలిపించాడు. బంతి నా దాకా రానిస్తే కదా. నేను "నాది" అని గొంతు చించుకుంటున్నా వినకుండా అడ్డం పడి తన్నేస్తున్నాడు. ఒళ్ళు మండి, "గోలీ నేనా నువ్వా?" అని అరిచాను. పళ్ళికిలించి ఊరుకున్నాడు.

నా వంతు వినోదం నేనూ పంచాను. గోల్ ముందు బంతి పెట్టి పరుగెత్తుకొచ్చి బలంగా తన్నాను. కాలికి గాలి తగిలింది. బూటు ఊడిపోయి వెళ్ళి రిఫరీ వీపు మీద పడింది. ఆయన వెనక్కి తిరిగి ఎవరికి కార్డు చూపించాలో తెలియక బూటుకు చూపించాడు. ఇంకోసారి ఎడమ పక్క స్తంభానికి భుజం గుద్దుకుని "సారీ అన్నా" అన్నాను. మా వాళ్ళు ఇప్పుడు ఆ స్తంభాన్ని అన్న అనే పిలుస్తున్నారు.

అన్నట్టు, మొన్న షెడ్డులో చిన్న ముచ్చట జరిగింది. కట్ట ఒకటి నేను అనుకున్నదానికంటే కాస్త ముందే నేలకు తగిలింది. ఈలన్న కుడి బూటు ముందు భాగం అప్పడమయింది. కాలు బాగానే ఉంది, వేళ్ళు ఐదూ లెక్కపెట్టి చూపించాడు. "బూటుకు కొత్తది ఇప్పిస్తారులే" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎవరికీ చెప్పలేదు, నీకే రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

ఫైనలుకు వెళ్ళాం. లోడింగు సెక్షనుతో.

నీ బావ

*

బడి, డ్రాయింగు గది
ఏప్రిల్ 19

బావా,

నాకు కంటికురుపు లేచింది. కుడి కన్ను గుమ్మడికాయంత అయితే మందు రాసి కట్టు కట్టారు. ఆట తప్పుతుందని లోలోపల సంబరపడ్డాను. "ఆడేది కాళ్ళతో కదండీ" అంది హెడ్మిస్ట్రెస్.

ఒంటికన్నుతో దిగాను. మొదటి బంతికి తల ఆనించబోయాను, అది నా వెనకాల పడింది. రెండోదాన్ని తన్నబోయి గాలిని తన్నాను. నువ్వు రాసినట్టే. లెక్కల టీచరు మంచినీళ్ళ గ్లాసు అందిస్తే జానెడు ఇవతల పట్టుకుని, లేని గ్లాసును నోటి దగ్గర పెట్టుకున్నాను. పిల్లలు పడీపడీ నవ్వారు. కట్టు ఉన్న వైపు ఎవరో నిలబడి ఉంటే చూసుకోక గుద్దేసి, "సారీ అండీ" అన్నాను. అది గోలు స్తంభం.

ఈ ముక్క నిన్ను నవ్వించడానికే మొదలెట్టాను బావా. స్తంభం దాకా రాసి ఆగిపోయాను. కలం పక్కన పెట్టి నీ ఉత్తరాలు రెండూ బయటికి తీశాను.

బంతి ఎంత దూరంలో ఉందో తెలియకపోవడం. వల లోపలా బయటా అనేది తెలియకపోవడం. అరచెయ్యి అనుకుంటే చెంప. గ్లాసు పక్కన టీ. ఎడమ పక్క స్తంభం. అక్క ఫోనులో అన్న మాట.

బొమ్మలో దగ్గరా దూరమూ చూపించడం ఇరవై ఏళ్ళుగా నేర్పుతున్నాను. రెండు కళ్ళూ కలిస్తేనే దూరం తెలుస్తుందని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేది నేనే. ఒక కన్ను మూయించి, రెండు పెన్సిళ్ళ మొనలు కలపమంటాను. కలవవు. అందరూ నవ్వుతారు.

నా కట్టు రేపు విప్పుతారు. నీ ఎడమ కన్నుకు ఏమయింది?

నవ్వులాటగా జవాబు రాయకు. ఆ బూటు సంగతి మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను.

నీ బావమరిది

*

ఇనుప షెడ్డు
ఏప్రిల్ 27

మాస్టారికి,

బొమ్మలు గీసుకునేవాడివి డాక్టరీ ఎప్పుడు మొదలెట్టావు? రెండు కళ్ళూ ఉన్నవాడు బంతి వదిలిపెట్టడా? జనవరిలోనే మా డాక్టరు పరీక్ష చేసి, రెండు కళ్ళకూ బాగున్నాయని రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. కావాలంటే కాగితం పంపుతాను, గోడకు అంటించుకో.

పన్నెండేళ్ళలో ఒక్క ప్రమాదం లేదు నా చేతి కింద. నలుగురిలో నామీద ఇలాంటి మాట పడితే ఏమవుతుందో నీకు తెలుసా?

ఇక ఫుట్‌బాల్ కబుర్లు రాయను.

బావ

*

బడి
మే 4

బావా,

ముద్ర వేసిన కాగితం వద్దు. ఈ కవరులో రెండు పెన్సిళ్ళు పెట్టాను. చేతికొకటి పట్టుకుని, చేతులు బారచాచి, మొనలు కలుపు. నీకు వేరే వాళ్ళెవరూ చూడనక్కరలేదు. కలిస్తే, మా హెడ్మిస్ట్రెస్ ఎదుట చెవులు పట్టుకుని గుంజిళ్ళు తీస్తాను. కలవకపోతే నిజం రాయి.

నీ బావమరిది

*

క్వార్టర్లు, వెనక వరండా
మే 11

బావమరిదీ,

పదిసార్లు చేశాను. ఒక్కసారి కలిశాయి, అదీ అదృష్టం.

ఎనిమిది నెలలయింది. పొద్దున లేచేసరికి ఎడమ కన్ను ముందు మసక. పది రోజుల్లో అదీ లేదు, చీకటి. ఎవరికీ చెప్పకుండా పై ఊరు వెళ్ళి చూపించుకున్నాను. వెనక నరం చచ్చిపోయిందన్నారు, ఇక రాదన్నారు. బయటికి చూస్తే కన్ను మామూలుగానే ఉంటుంది. అద్దంలో నాకే అనుమానం వస్తుంది, ఇది నిజంగా పోయిందా అని.

జనవరి పరీక్ష కాగితం వద్దన్నావు కదా, అదెలా వచ్చిందో విను. గోడ మీది అక్షరాలు చదవాలి. "ఎడమ కన్ను మూయండి" అన్నాడు డాక్టరు. ఎడమ చేత్తో ఎడమ కన్ను మూసి గడగడా చదివాను. "ఇప్పుడు కుడి కన్ను" అన్నాడు. చెయ్యి మార్చాను. కుడి చెయ్యి ఎత్తి మళ్ళీ ఎడమ కన్నే మూశాను. ఆయన కాగితంలోంచి తల ఎత్తలేదు. అంత సులువుగా అయిపోయింది.

నన్ను దొంగ అనుకుంటున్నావేమో. అనుకో. కానీ ఒకటి విను. కింద నేను ఎవణ్ణి? మోకాలు వాచినవాణ్ణి, ఇంగ్లీషు రానివాణ్ణి, మీ ఇంట్లో పెళ్ళిళ్ళకు మూల కుర్చీలో కూచునేవాణ్ణి. ఆ నిచ్చెన ఎక్కి తలుపేసుకున్నాక షెడ్డంతా నా చేతివైపు చూస్తుంది. దింపేస్తే గేటు దగ్గర స్టూలు వేసి కూచోబెడతారు, వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకోమని. ఆ ఆలోచనకే తలకొట్టేసినట్టు ఉంటుంది.

అయినా పని ఆగలేదు చూడు. బరువులు సరిగ్గానే దిగుతున్నాయి. ఆ బూటు ఒక్కటే తప్పింది. అలవాటు చేసుకున్నాను, ఒంటికన్నుతో దూరం పట్టడం వచ్చేసింది. ఆటలో రాకపోవచ్చు, క్రేనులో వచ్చింది.

ఫైనలు జూన్ మొదటి ఆదివారం. అది అయ్యాక ఆలోచిస్తాను. మీ అక్కకు చెప్పనని మాటివ్వు. నా మీద ఒట్టు.

నీ బావ

*

బడి, డ్రాయింగు గది
మే 20

బావా,

నువ్వు దొంగవని నేను అనుకోలేదు. భయపడ్డావు. నీ చోట నేనుంటే నేనూ చెయ్యి మార్చేవాణ్ణే. నీ ఉత్తరం చదివి ఏడుపొచ్చింది, తరగతి మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోయాను.

మూల కుర్చీ మాట మాత్రం అబద్ధం. నాకు పదేళ్ళప్పటి నుంచీ నువ్వే నాకు పెద్ద. కింద ఉన్నప్పుడు కూడా.

కానీ అలవాటయిందని కాకమ్మ కబుర్లు చెప్పకు. రెండు పెన్సిళ్ళు కలపలేనివాడు కడ్డీల కట్టను మనుషుల మధ్య ఎలా దింపుతున్నాడు? "నాది" అని కేక పెట్టి నిలబడ్డావు, షెడ్డంతా నిన్ను నమ్మి కాలు వెనక్కి తీసుకుంది. బంతి అయితే నెత్తికి తగిలి ఆగుతుంది బావా. నవ్వుకుంటాం. అవతల వాడి నెత్తి మీద పడేది బంతి కాదు.

అక్కకు చెప్పనని మాటిస్తున్నాను, చెప్పను. మీ ఇంజనీరుకు చెప్పనని మాత్రం ఇవ్వలేదు. ఆయనకు ఉత్తరం రాసి, కవరులో పెట్టి, స్టాంపు అంటించి ఉంచాను. ఫైనలు ఆదివారం. సోమవారం పొద్దున నువ్వు వెళ్ళి చెబితే సరి. చెప్పానని వారంలోగా నీ ఉత్తరం రాకపోతే దాన్ని డబ్బాలో వేస్తాను. నువ్వు జన్మలో నా మొహం చూడకపోయినా సరే.

ఆదివారం దాకా ఆగడం కూడా తప్పేనేమో. రోజూ పేపరు తెరిచి ముందు మీ షెడ్డు పేరుందా అని వెతుకుతున్నాను. కింద నిలబడేవాళ్ళను దూరంగా ఉండమను. ఈలన్నను ముఖ్యంగా.

నీ బావమరిది

*

క్వార్టర్లు, ముందు గది
జూన్ 9

బావమరిదీ,

ఆ ఉత్తరం చించెయ్యి. వరసగా చెబుతాను, మధ్యలో అడ్డం రాకు.

ఫైనల్లో ఆఖరి నిమిషాలు. చెరొక గోలు. అవతలి వాళ్ళు మైదానం మధ్యలోంచి బంతిని ఆకాశంలోకి లేపారు. అది నా మీదికే వస్తోంది, చక్కగా కనిపిస్తోంది. "నాది, వదిలెయ్!" అని ఊరంతా వినపడేలా అరిచి ముందుకు ఉరికాను. ఈలన్న వదల్లేదు. నాకంటే నాలుగడుగులు వెనక్కి, గోలు గీత మీదికి పరుగెత్తి, బంతిని మొహంతో ఆపాడు. నేను ఖాళీ గాలిని రెండు చేతులతో పట్టుకుని గుండెకు హత్తుకుని నిలబడ్డాను. జనం విరగబడి నవ్వారు. వాడి మొహానికి తగిలిన బంతి అవతలి వాళ్ళ కాలికి తగిలి, బయటికి పోయి, మావాడికి చిక్కి, ఎలాగో గోలయింది. గెలిచాం. ఆ గెలుపు ఎవరికి కావాలి.

మావాళ్ళంతా ముక్కులోంచి రక్తం కారుతున్న ఈలన్న మీద పడ్డారు. "గోలీ నాది అంటే వదలాలి కదరా!" అని. వాడు చొక్కాతో ముక్కు అదుముకుని, "వాడు నాది అన్నప్పుడే నేను పరిగెత్తాలి" అన్నాడు. అందరూ జోకనుకున్నారు.

కుళాయి దగ్గర వాడి మొహం కడుగుతూ అడిగాను. "ఎప్పట్నుంచి తెలుసు?"

"నీకు తెలిసిన వారానికి."

"మరి బరువులెలా దిగుతున్నాయిరా సరిగ్గా?"

"నేను రెండడుగులు ముందే ఆపమని చెయ్యి ఎత్తుతున్నా. నువ్వు ఆపాక చూసుకుని, కొంచెం కొంచెం దింపిస్తున్నా. మిగతా వాళ్ళందర్నీ గీత అవతలికి తోలేసి, నేనొక్కణ్ణే ఉంటున్నా కింద."

"ఆ బూటు రోజు?"

"తుమ్మొచ్చింది," అన్నాడు. "చెయ్యి ఎత్తడం ఆలస్యమయింది."

బావమరిదీ, అలవాటయిందని నీకు గొప్పగా రాశాను చూడు, ఒంటికన్నుతో దూరం పట్టేశానని. నేను పట్టిందేమీ లేదు. తొమ్మిది నెలలు ఆ కట్టలన్నీ దింపినవి వాడి చేతులే. వాడి ప్రాణానికీ నా పరువుకూ మధ్య ఉన్నది ఒక తుమ్ము.

"ఎందుకు చెప్పలేదురా నాకు?" అన్నాను.

"నువ్వే చెప్తావని చూశా. రోజూ పొద్దున ఈరోజు చెప్తాడు అనుకుని వచ్చి నిలబడేవాణ్ణి." వాడు కోపంగా అనలేదు. అని ఉంటే బాగుండేది.

సోమవారం షెడ్డు తలుపులు తీయకముందే ఇంజనీరు గదిలో నిలబడ్డాను. చెయ్యి మార్చిన సంగతితో సహా చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి అరిచాడు, తరవాత కూచుని నీళ్ళు తాగాడు. పనిలోంచి తీస్తారో, గేటు దగ్గర స్టూలు ఇస్తారో ఇంకా తేలలేదు. విచారణ ఉంటుంది. ఈలన్నకూ చీవాట్లు పడ్డాయి. క్రేను తాళం బల్ల మీద పెట్టి బయటికొచ్చాను. గేటు దాకా నడిచేసరికి కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి, అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మీ అక్కకు నోటితో చెప్పడానికి రెండు రోజులు నీళ్ళు నమిలాను. నా వల్ల కాలేదు. అందుకని ఈ ఉత్తరం అంటించకుండా ఆమె చేతికే ఇస్తున్నాను, పోస్టు చెయ్యమని.

నీ బావ

తమ్ముడూ,

నేను చదివేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డారు. ఫుట్‌బాల్ సంగతి నాకు మార్చిలోనే తెలుసు, బురద చొక్కాలు ఉతికేది నేనే. కంటి సంగతి తెలియదు. తొమ్మిది నెలలుగా నేను పక్కన నిలబడి ఏదైనా అందిస్తే చెయ్యి చాచేవారు కాదు. ఎదురుగా నవ్వితే చూసేవారు, పక్కన కూచుంటే నేనెవరో అన్నట్టు ఉండేవారు. నా మీద మనసు విరిగిపోయిందనుకున్నాను. నీతో చెప్పుకోబోతే అలసట అన్నావు.

ఆయనకు కన్ను పోయిందని చదివి నాకు ముందు కలిగింది సంతోషంరా. ఇంత మాట నా చేత రాయించినందుకు మీ ఇద్దరినీ ఇప్పట్లో క్షమించను.

అక్క